బాయి దీపము, ఊరి గాలి



పుష్యమాసములో తెల్లవారుజామున ఆసిఫాబాదు పెద్దవాగు గట్టున నిలిచి చూచినవారికి, ఏటిమీదనుండి లేచి, ఒడ్డునున్న పత్తిచేలమీదుగా పాకి, ఊరి యిండ్ల కప్పులను తాకి, తాటిచెట్టు తలయెత్తున నిలిచిపోయిన తెల్లని పొర యొకటి కనబడును. తిర్యాణిలోను, సిర్పూరు(యూ)లోను చలి యెముకలు కొరుకు దినములవి. రాష్ట్రమునందెల్ల అత్యల్పమైన ఉష్ణోగ్రత మన మండలములలోనే నమోదైనదని పత్రికలలో చదివి, ఆ వార్తను ఒకవిధమైన అభిమానముతో ఒకరికొకరము చెప్పుకొనుచుందుము. ఆ తెల్లని పొరను మనము మంచు అందుము. దానిలో మంచు కలదు, నిజమే. ఐతే రాత్రియెల్ల ఆకాశము నిర్మలముగా నున్నందున నేల తన వేడిమిని త్వరగా కోల్పోయి, నేలనంటిన గాలి చల్లబడి బరువెక్కగా, దానిపై వెచ్చని గాలి కుండమీద మూకుడువలె కూర్చుండును. అంతట పొయ్యిల పొగ, వాకిళ్లలో వేసిన సలిమంటల పొగ, చేలగట్లమీద తగులబెట్టిన పత్తికట్టె పొగ, రహదారిని పోవు లారీల పొగ, అన్నియు ఆ మూకుడు క్రిందనే చిక్కుకొని, ప్రొద్దెక్కి నేల వేడెక్కువరకు ఊరివారి ముక్కులయెదుటనే తిరుగాడుచుండును. ఆ పొరలో మంచు ఎంత, పొగ ఎంత అని కంటితో చూచి చెప్పగలవా డెవ్వడును లేడు. నేటి నా ప్రసంగము ఆ చెప్పలేకపోవుటను గూర్చియే.

కాలుష్యము అను మాటనే చూడుడు. కలుషమనగా బురదకలిసిన నీరు, మడ్డి తేరిన నీరు. ఆ మాటను నీటినుండి తెచ్చి గాలికి తొడిగితిమి గనుక, గాలి చెడినచో నీరు చెడినట్లే కంటికి కనబడవలెనని మన మనస్సులో ఎక్కడనో ఒక నమ్మకము పాతుకొనిపోయినది. నిప్పు లేనిదే పొగ రాదని పెద్దలు చెప్పిరి. పొగ యెత్తని నిప్పునుండి వెలువడు విషముల సంగతి ఆ సామెత కందదు. శాస్త్రజ్ఞులు సైతము మొదట కంటినే ఆశ్రయించిరి. 1888 ప్రాంతమున రింగెల్మాన్ అను ఫ్రెంచి ఆచార్యుడు తెల్లని అట్టలమీద నల్లని గీతలను క్రమక్రమముగా చిక్కబరచి గీయించి, వాటిని దూరమున నిలిపి, పొగగొట్టమునుండి వెడలు పొగ యే అట్ట రంగును పోలియున్నదో చూచి ఆ సంఖ్య వేయవలెనని నిర్ణయించెను. బొగ్గుపొగ నల్లనిది గనుక ఆ ఉపాయము చిరకాలము చెల్లినది. నల్లగా లేని పొగకు ఆ అట్టలవద్ద సమాధానము లేదు.

ఐనను, కంటిని ముక్కును నమ్మినచో ప్రాణము పోవునని తాతలనాడే నేర్చుకొన్న మనుష్యుడు మన ప్రాంతమున ఒకడున్నాడు. అతడు బొగ్గుగనిలో సర్దారు. మన కార్మికులు గనిని బాయి అందురు. ఆ బాయిలోనికి షిఫ్టువారు దిగి పని మొదలుపెట్టుటకు ముందు సర్దారు పనిస్థలములన్నియు తిరిగి చూడవలెను. అతని చేతనుండిన దీపము 1815లో హంఫ్రీ డేవీ కల్పించిన రక్షణదీపమునకు వారసురాలు: చుట్టును సన్నని తీగెలవల, ఆ వలగుండా మంట వెలుపలికి దూకదు. సర్దారు వత్తిని బాగుగా తగ్గించి, దీపమును మెల్లమెల్లగా గనికప్పువైపు ఎత్తును; మీథేను గాలికంటె తేలికయైనది గనుక కప్పునంటియే యుండును. అక్కడ ఆ వాయువున్నచో చిన్ని మంటపైన లేతనీలపు టోపీవంటి వెలుగొకటి పుట్టును. ఆ టోపీ యెత్తును బట్టి గాలిలో మీథేను నూటికెన్ని పాళ్లున్నదో అతడు చెప్పగలడు. దీపము మసకబారి ఆరిపోజూచినచో ప్రాణవాయువు తగ్గినదని అర్థము. 1957 నాటి బొగ్గుగనుల నిబంధనలు గాలిలో ప్రాణవాయువు నూటికి 19 పాళ్లకు తగ్గరాదనియు, బొగ్గుపులుసు వాయువు అరపాలుకు మించరాదనియు కచ్చితముగా శాసించినవి. మీథేను ఒకటింబావు పాలు దాటినచో విద్యుత్తును ఆపివేయవలెను. సర్దారునకు ఆనాటి గాలి ఎట్లు తోచినదన్న ప్రశ్న అక్కడ రానేరాదు. చూచిన చోటనెల్ల అతడు సుద్దముక్కతో తేదీ వేసి, తన పొడి అక్షరములు వ్రాసి ముందునకు సాగును. ఇప్పుడు దీపమునకు బదులు విద్యుత్ పరికరములు వచ్చినవి; కొలువనిదే పని మొదలుపెట్టరాదన్న ధర్మము మాత్రము మారలేదు.

ఈ సంగతి తలచినప్పుడెల్ల నాకొక వేదన కలుగును. నేలక్రింద వందల అడుగుల లోతున పనిచేయువాని గాలిని షిఫ్టు షిఫ్టునకు కొలుచు విద్య మన నేలమీద ఇంతకాలమునుండి యుండగా, అతడు పైకి వచ్చి సైకిలెక్కి యిల్లు చేరిన తరువాత అతడును, అతని భార్యాబిడ్డలును, రాత్రింబవళ్లు పీల్చు ఊరి గాలికి కొలత ఎక్కడున్నది? భూగర్భపు బాయిలు తగ్గి, రెబ్బెన, తిర్యాణి మండలములలో గోలేటి, కైరిగూడ, డోర్లీల వైపున ఓపెన్ కాస్టు గనులు విస్తరించినకొలది, గనిగాలికిని ఊరిగాలికిని నడుమ నుండిన గోడ కూలిపోయినది. బొగ్గుపైనుండి త్రవ్వి పోసిన మట్టి గుట్టలమీదుగా వీచిన గాలియే గూడెములమీదుగాను వీచును. దక్షిణమున జైపూరులో 1200 మెగావాట్ల సింగరేణి విద్యుత్కేంద్రము. ఆవల రామగుండములో 1983లో తొలి యంత్రముతో మొదలై 2600 మెగావాట్లకు పెరిగిన ఎన్.టి.పి.సి. కేంద్రము, ఉత్తరమున వార్ధానది కావల చంద్రపూరు. ఆ చంద్రపూరు, బల్లార్షాలలో మన తెలుగువారు గనులలోను మిల్లులలోను తరతరములుగా బ్రతుకుచున్నారు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2009లో దేశమునందలి పారిశ్రామిక ప్రాంతములను గాలి, నీరు, నేల మూడింటిని కలిపి తూచినపుడు, చంద్రపూరు నూటికి 83.88 అంకములతో నాల్గవ స్థానమున నిలిచెను. అది దేశములోకెల్ల మిక్కిలి కలుషితములైనవాటి పట్టికయని మరువరాదు.

ఇక ముక్కు సాక్ష్యమును విచారింతము. కాజీపేట బల్లార్షా మార్గమున రైలులో పోవువాడు ఆసిఫాబాద్ రోడ్డు దాటి కొంతదూరము పోయిన తరువాత, స్టేషను పలక కనబడకమునుపే, కాగజ్‌నగరు వచ్చినదని తోటివారితో చెప్పుట ఒకప్పుడు వాడుక. అక్కడి కాగితపు మిల్లు వాసనయే దానికి ఆధారము. కర్రను, వెదురును గంధకముకల క్షారములో ఉడికించి గుజ్జుచేయు పద్ధతి ప్రపంచములో ఎచ్చట నున్నను అచ్చటి గాలి కుళ్లిన క్యాబేజీవలె, మురిగిన గ్రుడ్డువలె గుప్పుమనును. హైడ్రోజన్ సల్ఫైడు, మెర్కాప్టనులు అను వాయువులు దానికి కారణము. వీటి విషయమున మన నాసిక అద్భుతమైన యంత్రము: వందకోట్ల పాళ్ల గాలిలో కొద్దిపాళ్లున్నను పసిగట్టును. ఐతే ఈ యంత్రమునకు రెండు లోపములు గలవు. కొంతసేపైన పిదప అదే వాసనను అది లెక్కచేయుట మానివేయును. అందుచేతనే ఊరివారికి లేని వాసన రైలువారికి ఉన్నది. రెండవది భయంకరమైనది: హైడ్రోజన్ సల్ఫైడు పదిలక్షల పాళ్లలో నూరు పాళ్లకు చేరునప్పటికి ముక్కు మొద్దుబారిపోయి, ప్రమాదము నిజముగా ముంచుకొనివచ్చిన వేళనే ఏ వాసనయు లేదని సాక్ష్యమిచ్చును. తలుపులు మూసికొన్న గదిలో కుంపటి పెట్టుకొని చలికాచుకొనువారిని నిద్రలోనే చంపు కార్బన్ మోనాక్సైడునకు మొదటినుండియు వాసనయే లేదు. కంపు కొట్టినచోట విషము మెండని, కంపు లేనిచోట గాలి శుద్ధమని అనుకొనుట రెండును పొరపాటులే.

స్త్రీలకు వేరొక కొలత యున్నది. బొగ్గురోడ్డు ప్రక్కన నివసించు ఇల్లాలు ఉతికి ఆరవేసిన తెల్లచీరను సాయంత్రము తీసి దులిపి, ఏనాడు ఎంత మసి పడినదో, ఏనాడు రోడ్డుమీద నీళ్లు చల్లలేదో చెప్పగలదు. దీనిని తేలికగా తీసివేయరాదు. పూర్వము ఇంగ్లండులో శాస్త్రజ్ఞులు గాలిని కొలుచుటకు చేసిన పనియు ఇట్టిదే. పెద్ద గరాటు క్రింద సీసా పెట్టి, నెలకెంత మసి పడినదో తూచిరి. ఆ చీర సత్యమునే చెప్పును, కాని సగము సత్యము. చీరమీద పడినది బరువుగల ధూళి. అది ముక్కులోనే చిక్కి తుమ్ముతోనో దగ్గుతోనో కొంత వెడలిపోవును. మీటరులో పదిలక్షలవ వంతును మైక్రాను అందురు. తలవెండ్రుక మందము సుమారు 50 నుండి 70 మైక్రానులు. రెండున్నర మైక్రానులకు లోబడిన రేణువులు చీరమీద పడవు, కంటికి కనబడవు, తుమ్ము తెప్పించవు. గంటలకొలది, దినములకొలది గాలిలో తేలుచు, ఊపిరితిత్తులలోని కడపటి గదులవరకు దిగి, అందు కొన్ని నెత్తుటిలో కలియును. గుండెజబ్బునకును, పక్షవాతమునకును దోహదము చేయునవి ఇవియే. అనగా మన యింద్రియములు ఏ భాగమును గూర్చి గట్టిగా మొరపెట్టుచున్నవో అది తక్కువ హానికరము. ఏ భాగమును గూర్చి మౌనము వహించుచున్నవో అది ఎక్కువ హానికరము.

మరి యంత్రము ఏమి చేయును? దాని మూలసూత్రము బియ్యము తూచుటకంటె కఠినమైనది కాదు. గాజునారతో చేసిన వడపోత కాగితమును ముందుగా తూచి, యంత్రములో నుంచి, నిమిషమునకు సుమారు ఒక ఘనమీటరు చొప్పున గాలిని దానిగుండా లాగి, ఇరువదినాలుగు గంటలైన తరువాత మరల తూచుదురు. రెండు తూకముల భేదమే ఆ దినమున యంత్రము లాగిన గాలిలోని ధూళి. తెల్లగా పోయిన కాగితము బూడిదరంగుతో వచ్చుటను ఒక్కసారి చూచినవాడు గాలిని మరల శూన్యమనుకొనజాలడు. ఈ పద్ధతిలో మనుష్యులు పోయి కాగితములు మార్చవలెను గనుక, 1984లో మొదలైన జాతీయ పర్యవేక్షణలో వారమునకు రెండు దినముల చొప్పున ఏడాదికి 104 దినములు కొలుచు నియమమేర్పడినది. తక్కిన దినముల గాలికి సాక్షి లేడు. తరువాత వచ్చిన యంత్రములలో కాగితము చుట్టగా నుండును. దానిపై పడిన ధూళిగుండా బీటా కిరణములను పంపి, అవి యెంత క్షీణించినవో చూచి గంటగంటకు లెక్క కట్టుదురు. ఇవి ఖరీదైనవి, నగరములలోను పెద్ద కర్మాగారములచెంతను ఉన్నవి.

ఈ లెక్కలను జనసామాన్యమునకు తెలియజేయుటకై 2015 ఏప్రిల్ 6న జాతీయ వాయునాణ్యతా సూచిక వెలసినది. ఒక సంఖ్య, ఒక రంగు, ఒక మాట. 50 లోపున బాగు, 100 వరకు సంతృప్తికరము, 200 వరకు మధ్యస్థము, 300 వరకు హీనము, 400 వరకు అతిహీనము, ఆపైన తీవ్రము. ఒక ఉదాహరణము చెప్పెదను. సూక్ష్మధూళికి, అనగా పైన చెప్పిన రెండున్నర మైక్రానులకు లోబడిన రేణువులకు, మన దేశము విధించిన ఇరువదినాలుగు గంటల హద్దు ఘనమీటరుకు 60 మైక్రోగ్రాములు. అది సూచికలో నూరగును. 90 మైక్రోగ్రాములు రెండువందలగును. ధూళి 75 ఉన్నదనుకొందము. 60కిని 90కిని సరిగా నడుమ గనుక సూచిక 150. ఇట్లే పెద్దధూళికి, గంధక వాయువునకు, ఓజోనుకు, తక్కినవాటికి వేరువేరుగా లెక్క కట్టి, అన్నిటిలో ఏది అధికమో దానినే ఆ ఊరి సంఖ్యగా ప్రకటింతురు. సగటు తీయరు. ఇది న్యాయమైన పద్ధతియని నా యభిప్రాయము: తొమ్మిది ద్వారములు మూసి పదవది తెరచినచో ఇంటికి కాపలా ఉన్నదనరు గదా.

కాని కాలము విషయమున సగటు ఉన్నది, అక్కడనే జనులకును యంత్రమునకును వైరము పుట్టును. ఉదయము ఆరునుండి ఎనిమిదివరకు పొగ కండ్లు మండించి, మధ్యాహ్నము గాలివీచి ఆకాశము తేటబడినచో, ఆనాటి సగటు సంతృప్తికరమని రావచ్చును. దగ్గుచు బడికి పోయిన పిల్లవాని తల్లి ఆ మాట విని, ఇది అబద్ధమనును. ఆమె చెప్పినదియు నిజమే, యంత్రము చెప్పినదియు నిజమే. ఆమె రెండు గంటలను గూర్చి చెప్పినది, అది ఇరువదినాలుగు గంటలను గూర్చి చెప్పినది. ఇంకొక చిక్కు హద్దులది. సూక్ష్మధూళికి మన వార్షికపు హద్దు 40 మైక్రోగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో 5 అని నిర్ణయించినది. ఒకే గాలి ఒక పట్టిక ననుసరించి నిర్దోషి, ఇంకొక పట్టిక ననుసరించి ఎనిమిదింతల దోషి. అంకెతోపాటు హద్దును, హద్దుతోపాటు కాలమును చెప్పని వార్త జనుల నమ్మకమును నిలుపలేదు.

కాలుష్యమును గూర్చి మనవారి తలంపులను అజ్ఞానమని త్రోసిపుచ్చువారితో నేను ఏకీభవింపను. కాగజ్‌నగరు కథయే దీనికి సాక్ష్యము. కొత్తపేట అను పల్లె, 1938లో స్థాపితమై 1942లో ఉత్పత్తి మొదలిడిన సిర్పూరు కాగితపు మిల్లు పేరుతో కాగజ్‌నగరైనది. ఊరి పేరే ఆ మిల్లు పెట్టిన భిక్ష. 2014లో మిల్లు మూతపడినది. గొట్టమునుండి పొగ ఆగినది, వాసన ఆగినది. శుద్ధమైన గాలి వచ్చినదని అక్కడ ఎవరును పండుగ చేసికొనలేదు. వేలకొలది కుటుంబముల పొయ్యిలు చల్లారిన కాలమది. 2018లో మిల్లు మరల తెరచినపుడు ఆ వాసన తిరిగివచ్చుటయే ఆ యిండ్లకు శుభవార్త. జీతము వచ్చు దిక్కునుండి వచ్చు వాసనను గూర్చి ముక్కు వేరుగా తీర్పు చెప్పును. ఇది మనయందే కాదు. 1952 డిసెంబరు 5 నుండి 9 వరకు లండనులో బొగ్గుపొగ మంచుతో కలిసి నగరముపై కూర్చుండి, నాటి లెక్కల ప్రకారము నాలుగువేలమందిని, తరువాతి పరిశోధకుల గణన ప్రకారము పండ్రెండువేలమందిని పొట్టనబెట్టుకొన్నపుడు, ఆ అయిదు దినములు జనులు దానిని తమకు పరిచితమైన మంచనియే అనుకొనిరి. మరణముల పట్టికలు వచ్చిన తరువాతగాని ఎంతటి విపత్తు జరిగినదో తెలియలేదు. తమ యింటి పొయ్యివద్ద బొగ్గుమంట ముందు కూర్చుండు సుఖమే తమను చంపినదని ఒప్పుకొనుటకు వారికి, పొగను అరికట్టుటకు వచ్చిన 1956 నాటి చట్టమువరకు కాలము పట్టినది.

మన యింటి పొయ్యి మాట మనము అసలే ఎత్తము. కాలుష్యమనగానే మిల్లు గొట్టము, లారీ గొట్టము మన మనస్సున మెదలును. వంటయింటి మసిపట్టిన దూలము మెదలదు. కట్టెపొయ్యి ఊదుచు కండ్లు తుడుచుకొను అవ్వను అడిగినచో పొగ అనునుగాని కాలుష్యమనదు. దానికిని కారణమున్నది: కాలుష్యము ఇతరులు చేయునది, పొగ మనము చేయునది. ఫాల్గుణ చైత్రములలో ఇప్పపూలు ఏరుకొనుటకు చెట్టుక్రింద ఎండుటాకులకు నిప్పు పెట్టుదురు. ఆకులు తొలగిననే పూవు కనబడును, ఆ పూవే ఆ యింటికి నాలుగు రూకలు. ఆ నిప్పు ఒక్కొక్కసారి అడవి కెక్కి, రాత్రివేళ కెరమెరి గుట్టలమీద ఎఱ్ఱని తోరణమువలె కనబడును, తెల్లవారునప్పటికి పొగ లోయలలో నిండియుండును. తప్పు వారిదని నేననను. పొగ ఎంత, ఎవరి ఊపిరిలోనికి ఎంత పోవుచున్నది అని వారికి ఎన్నడైనను ఎవరైనను చెప్పిరా అని అడుగుచున్నాను. 2019లో ఆరంభమైన జాతీయ స్వచ్ఛవాయు కార్యక్రమము నూరింటికి పైగా నగరములను చేపట్టినది. నగరములు ముందు రావలసినదే, కాదనను. గూడెములోని ఊపిరితిత్తి నగరములోనిదానికంటె గట్టిది కాదు గనుక, మన వంతును అడుగుట తప్పు కాదు.

అడుగుటకు ఇప్పుడు వీలున్నది. కాంతికిరణము ధూళిపై పడి చెదరుటను బట్టి లెక్కకట్టు చిన్న పరికరములు, అరచేతిలో ఇమిడిపోవునవి, పెద్ద యంత్రముల వెలలో అత్యల్పభాగమునకే దొరకుచున్నవి. వీటికి ఒక దోషమున్నది: తేమ అధికమైనపుడు నీటి తుంపరను గూడ ధూళిగా లెక్కించును. పెద్దవాగు గట్టున పుష్యమాసపు ఉదయమున మన కన్ను పొరబడినట్లే ఇవియు పొరబడును. కావున వీటిని కొంతకాలము పెద్ద యంత్రము ప్రక్కన నిలిపి, రెండు లెక్కలను పోల్చి సరిదిద్దుకొన్న పిదపనే ఊళ్లలో పెట్టవలెను. అట్లు సరిదిద్దినదానిని ఒకటి ఆసిఫాబాదులో, ఒకటి కాగజ్‌నగరులో, ఒకటి గోలేటిలో, ఒకటి తిర్యాణి గుట్టలనడుమ, ఒకటి జైనూరులో నిలిపి, ప్రతిదినము ఆకాశవాణిలో వాతావరణము చెప్పునపుడు ఆ అంకెలను గూడ తెలుగులోను గోండిలోను చదివినచో, ఉదయమునాటి రెండు గంటల లెక్కను వేరుగా చెప్పినచో, తల్లికిని యంత్రమునకును వైరముండదు. పొద్దెక్కిన తరువాత మూకుడు లేచును గనుక, పత్తికట్టె కాల్చకతప్పనివాడు తెల్లవారుజామున గాక మధ్యాహ్నమున కాల్చును. ఉబ్బసమున్న ముసలివాడు గంట ఆలస్యముగా వాకిట అడుగుపెట్టును.

మన జిల్లా బడులలో ప్రతి ఉదయము నల్లబల్లమీద ఉపాధ్యాయులు సుద్దముక్కతో తేదీ, వారము, ఆ తరగతి పిల్లలెందరు, వచ్చినవారెందరు అని వ్రాయుదురు. దాని క్రింద ఒక పంక్తికి చోటున్నది. బాయిలో సర్దారు వ్రాయు తేదీవలె, నేటి గాలి ఇంత అని ఆ పంక్తిలో వ్రాయు పని అయిదవ తరగతి పిల్లలు చేయగలరు.